రెండు రోజుల కార్యశాలకు ఇనుము ఒక్కటి చాలు

మీ డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర విభాగమూ, మీ ఊరి చిత్రలేఖన ఉపాధ్యాయుడూ కలిసి 24 మంది విద్యార్థులతో ప్రయోగశాలలోనే రెండు రోజుల కార్యశాల జరపాలనుకుంటున్నామని రాశారు. ఏ ప్రయోగాలు ఎంచుకోవాలి, ప్రమాదం లేకుండా ఎలా నడపాలి, చివరికి చేతికి వచ్చేది గోడకు తగిలించదగిన బొమ్మ అవుతుందా లేక మామూలు ప్రదర్శనగానే మిగిలిపోతుందా అన్నవి మీ ప్రశ్నలు. మీరు వేసుకున్న జాబితాలో 9 ప్రయోగాలున్నాయి. రాగి తీగ మీద పెరిగే వెండి చెట్టు, సోడియం సిలికేటులో మొలిచే రసాయన తోట, రంగులు మారుతూ తిరిగే డోలన చర్య, పటిక స్ఫటికాలు, అలా మిగిలినవి. అన్నీ అందమైనవే. అయినా ఆ జాబితాను పక్కన పెట్టి, రెండు రోజులూ ఇనుము ఒక్కదానితోనే గడపమని నా సలహా. అలా ఎందుకు అంటున్నానో వివరంగా రాస్తాను.

ఇలాంటి కార్యశాల నేను మొదటిసారి నడిపినప్పుడు ఒక్క రోజులో 11 ప్రయోగాలు పెట్టాను. విద్యార్థులు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగారు, ప్రతి చోటా ఆశ్చర్యపోయారు, ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. సాయంత్రానికి మరకలు పడిన కాగితాలు తప్ప ఎవరి చేతిలోనూ ఏమీ లేవు. ఒక చర్యను ఒక్కసారి చేసినవాడికి ఆ చర్య ఏం చేస్తుందో తెలుస్తుంది గానీ, దానితో తాను ఏం చేయగలడో తెలియదు. అది తెలియాలంటే అదే చర్యను ముప్పై సార్లు చేయాలి, చేసిన ప్రతిసారీ ఒక్క అంశాన్ని మాత్రమే మార్చాలి. కుంచె పట్టినవాడు అదే గీతను వందసార్లు గీసినట్టు, ప్రయోగశాలలో ఉన్నవాడు అదే కొలతను మళ్లీ మళ్లీ తీసుకున్నట్టు. ఈ అలవాటు రెండు విద్యలకూ ఉమ్మడిది కాబట్టే ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం సాధ్యమవుతుంది.

ఇనుమునే ఎందుకంటే, అది మూడు దారుల్లో మూడు రంగులిస్తుంది. ఫెర్రోసయనైడు, ఫెర్రిసయనైడు అనే లవణాలతో నీలం, కరక్కాయలోని వగరు పదార్థమైన టానిన్‌తో నలుపు, క్షారంతో తుప్పు రంగు. పైగా ఈ మూడూ ఒకదాని నుంచి ఒకటి పుట్టించగలిగినవి. నీలాన్ని చెరిపి తుప్పు రంగు చేయవచ్చు, ఆ తుప్పు రంగును నలుపు చేయవచ్చు. కావలసిన పదార్థాలలో చాలావరకు మీ ప్రయోగశాల అలమరలో ఇప్పటికే ఉంటాయి, మిగిలినవి పచారీ కొట్లో దొరుకుతాయి.

మొదటి ఉదయం మీ విద్యార్థులకు బాగా తెలిసినదానితోనే మొదలుపెట్టండి. లవణ విశ్లేషణ చేసిన ప్రతి విద్యార్థీ ఫెర్రిక్ (ఇనుము) లవణానికి పొటాషియం ఫెర్రోసయనైడు కలిపి నీలి అవక్షేపం, అంటే ద్రావణంలోంచి విడివడే గట్టి పదార్థం, చూసి ఉంటాడు, రాగి లవణానికి అదే కలిపి రికార్డులో ‘చాక్లెట్ బ్రౌన్ ప్రెసిపిటేట్’ అని రాసి ఉంటాడు. రాసిన మరుక్షణం పరీక్షనాళికను సింకులో కడిగేస్తాడు. వాళ్లు ఏటా కడిగి పారేస్తున్న ఆ నీలమే 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో తయారై, ఐరోపా చిత్రకారులకు చవకగా దొరికిన గాఢమైన నీలి వర్ణకం, ప్రష్యన్ నీలం అని చెప్పి, పరీక్షనాళిక బదులు ఒక్కొక్కరికీ ఒక గుండ్రటి ఫిల్టర్ పేపర్ ఇవ్వండి.

ఈ పని మనకంటే చాలా ముందే చేసినవాడు ఫ్రీడ్‌లీబ్ ఫెర్డినాండ్ రూంగే అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. 1819లో మహాకవి గోథే ఆయన ప్రయోగం ఒకటి చూసి సంతోషించి, వీటిని కూడా పరీక్షించమని కొన్ని కాఫీ గింజలు చేతిలో పెట్టాడు. వాటి నుంచే రూంగే కెఫీన్‌ను వేరు చేశాడు. ఆయనే 1850లోనూ 1855లోనూ రెండు వింత పుస్తకాలు తెచ్చాడు. లవణ ద్రావణాలలో నానబెట్టి ఆరబెట్టిన కాగితం మీద మరో ద్రావణాన్ని చుక్కలుగా వేసి, అది వలయాలుగా, రేకులుగా విచ్చుకునే తీరును ఆ పుస్తకాలలో చూపించాడు. బొమ్మలను అచ్చు వేయలేదు, అసలు కాగితాలనే పేజీలకు అతికించాడు. అందువల్ల ఏ రెండు ప్రతులూ ఒకలాగా ఉండవు. పదార్థాలలోనే రూపం దాల్చే ప్రేరణ ఒకటి ఉందని ఆయన నమ్మాడు. ఈనాడు మనం దానినే కేశనాళిక ప్రవాహం (సన్నని రంధ్రాల వెంట ద్రవం పాకడం), సెల్యులోజు అనే కాగితపు నార మీద అధిశోషణ (పదార్థం అంటుకుని నిలవడం), అవక్షేపం రంధ్రాలను మూసివేయడం అని విడదీసి చెబుతాము. వివరణ మారింది గానీ, ఆ చుక్క విచ్చుకుంటుంటే చూసేవారి కన్ను మాత్రం ఇప్పటికీ అక్కడే ఆగిపోతుంది.

పద్ధతి ఇది. ఫెర్రిక్ క్లోరైడు, పొటాషియం ఫెర్రోసయనైడు ద్రావణాలను 2 శాతం గాఢతతో తయారు చేసుకోండి. ఫిల్టర్ పేపర్‌ను పెట్రి డిష్ అంచుల మీద పరిస్తే మధ్యభాగం దేనికీ తగలకుండా గాలిలో ఉంటుంది. డ్రాపరుతో ఫెర్రిక్ క్లోరైడు ఒక చుక్క వేసి, అది పూర్తిగా పాకేదాకా ఆగి, రెండోది, మూడోది వేయాలి. ఆ తరువాత అదే చోట ఫెర్రోసయనైడు చుక్క వేయాలి. నడిమధ్యలో నీలం గట్టిపడి కాగితపు రంధ్రాలను మూసేస్తుంది. తరువాతి చుక్కకు నేరుగా పోయే దారి ఉండదు గనుక అది పక్కలు వెతుక్కుంటూ వెళుతుంది. రేకులు ఏర్పడేది అక్కడే. రెండు ద్రావణాలకు మధ్య కాగితాన్ని ఆరనిస్తే అంచులు కత్తితో కోసినట్టు వస్తాయి, తడి మీదే వేస్తే ఈకల్లా చెదురుతాయి. ఈ ఒక్క తేడాను విద్యార్థులు తమంతట తామే కనుక్కునేలా గంట సమయం ఇవ్వండి. ముందుగా చెప్పేయకండి. రాగిని కూడా వాడాలనిపిస్తే 5 శాతం కాపర్ సల్ఫేటులో ముంచి ఆరబెట్టిన కాగితాలు కొన్ని సిద్ధంగా ఉంచుకోండి. వాటి మీద ఫెర్రోసయనైడు చాక్లెట్ రంగు వలయాలు గీస్తుంది.

విద్యార్థులను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టేటప్పుడు ఒకరు రసాయనశాస్త్రం చదివేవారూ, మరొకరు బొమ్మలు వేసే అలవాటున్నవారూ ఉండేలా చూడండి. ఒకరు చుక్కలు వేస్తుంటే మరొకరు రాసుకోవాలి. ప్రతి పది కాగితాలకూ పాత్రలు మార్చుకోవాలి. రాసుకోవలసినది నోటు పుస్తకంలో కాదు, ప్రతి కాగితం వెనుక అంచున. అదీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా ద్రావణంతో పాటు పాకి బొమ్మలోకి వచ్చేస్తుంది. కాగితం సంఖ్య, ద్రావణాల గాఢత, చుక్కల లెక్క, చుక్కకూ చుక్కకూ మధ్య ఎన్ని నిమిషాలు, ఇంతే చాలు. ఈ నాలుగు విషయాలు లేని కాగితాన్ని, అది ఎంత అందంగా వచ్చినా, గోడకు పెట్టవద్దని నేను మొదటే చెబుతాను. కఠినంగా అనిపించవచ్చు గానీ, దానివల్ల కలిగే మేలు కింద చెప్పబోయే సంఘటనలో కనిపిస్తుంది.

మొదటి మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు, ఎండతో కాగితం మీద నీలి బొమ్మ తీసే సయనోటైపుకు వెళ్లండి. 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్న ఈ పద్ధతితోనే, ఆ మరుసటి ఏడాది నుంచి అన్నా అట్కిన్స్ సముద్రపు నాచు మొక్కలను నేరుగా కాగితం మీద పరిచి, ఛాయాచిత్రాలతో కూడిన తొలి పుస్తకాన్ని భాగాలుగా తెచ్చింది. ఆకుపచ్చ రకం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు 25 గ్రాములను 100 మిల్లీలీటర్ల నీటిలో, పొటాషియం ఫెర్రిసయనైడు 10 గ్రాములను మరో 100 మిల్లీలీటర్లలో కరిగించి, వేర్వేరు గోధుమరంగు సీసాలలో ఉంచండి. వాడే ముందే సమానంగా కలపాలి. పలచగా పూస్తే ఈ 200 మిల్లీలీటర్లు 60 ఎ4 కాగితాలకు సరిపోతాయి. పూత పూసిన కాగితాలను చీకటి గదిలో ఆరబెట్టి, ఆకులు పరిచి, పైన గాజు పలక పెట్టి ఎండలో ఉంచితే అతినీలలోహిత కాంతికి ఇనుము రూపాల్లో ఒకటైన ఫెర్రిక్ అయాన్ మరో రూపమైన ఫెర్రస్‌గా మారి, ఫెర్రిసయనైడుతో కలిసి నీలమవుతుంది. ఆకు నీడ పడిన చోట ఉప్పు మారకుండా ఉండి నీళ్లలో కడుక్కుపోతుంది. మన మధ్యాహ్నపు ఎండకు 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. కడిగిన తరువాత గాలికి నీలం ఒక రోజుపాటు ముదురుతూనే ఉంటుంది. అంతసేపు ఆగలేకపోతే చివరి కడుగు నీళ్లలో కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడు వేస్తే ఆ ముదురు రంగు అక్కడికక్కడే కనిపిస్తుంది.

ఒకసారి ఒక అమ్మాయి మునగ రెమ్మ పరిచింది. గాజు పలకలు చాలక ఆమె కాగితాన్ని పలక లేకుండానే ఎండలో పెట్టవలసి వచ్చింది. నాలుగో నిమిషంలో గాలి వీచి రెమ్మ కొంచెం పక్కకు జరిగింది. కడిగి చూస్తే తెల్లటి ఆకుల పక్కనే లేత నీలంలో మరో ఆకుల వరుస, రెమ్మ తన నీడను వెంటబెట్టుకుని నడిచినట్టుగా ఉంది. పాడైందని ఆమె చింపబోతుంటే చిత్రలేఖన ఉపాధ్యాయుడు చేయి అడ్డుపెట్టి ఆపారు. కాగితం వెనుక ‘4వ నిమిషం, గాలి’ అని రాసి ఉంది కాబట్టి, ఆ పొరపాటును మళ్లీ చేయడం మాకు సాధ్యమైంది. ఈసారి గాజు కింద పెట్టి, ప్రతి 2 నిమిషాలకూ రెమ్మను కావాలనే ఒక సెంటీమీటరు జరిపింది. తెలుపు నుంచి ముదురు నీలం దాకా అయిదు మెట్లు వచ్చాయి. ఎక్కువసేపు వెలుగు తగిలిన చోట ఎక్కువ నీలం అన్న సూత్రం ఆమెకు పాఠంలో తెలిసినదే. ఇప్పుడు అది ఆమె చేతిలో పనిముట్టు అయింది. ఆ రోజు ఉపాధ్యాయుడు ఆపకపోయినా, కాగితం వెనుక ఆ రెండు మాటలు లేకపోయినా ఆ వరుస వచ్చి ఉండేది కాదు.

ఇక్కడ మీరు తప్పక జాగ్రత్తపడవలసినది నీళ్ల విషయంలో. ఒక కళాశాలలో మేము తీసిన మొదటి 20 కాగితాలూ ఎండలో చక్కగా వచ్చి, కడుగుతుండగా కళ్లముందే పాలిపోయాయి. పూతలో లోపమనుకున్నాము, ఎండ చాలలేదనుకున్నాము, రసాయనాలు పాతవనుకున్నాము. చివరికి పీహెచ్ కాగితం ముంచితే అసలు సంగతి బయటపడింది. తొట్టిలోనివి బోరు నీళ్లు, వాటిలో క్షారగుణం ఎక్కువ. ప్రష్యన్ నీలానికి క్షారం శత్రువు, నీలం కరిగి ఇనుప హైడ్రాక్సైడు మిగులుతుంది. మొదటి తొట్టిలో రెండు నిమ్మకాయల రసం పిండాక సమస్య తీరిపోయింది. కాగితానికీ ఇదే పరీక్ష పెట్టండి. డ్రాయింగు కాగితం మూల మీద ఒక చుక్క వెనిగరు వేస్తే బుడగలు వచ్చాయంటే అందులో సుద్ద ఉందని అర్థం. ఆ కాగితం ఈ పనికి పనికిరాదు.

రెండో రోజు క్షారాన్ని మనమే కావాలని పిలుస్తాము. లీటరు నీటిలో అర చెంచా చాకలి సోడా కరిగించి, బాగా ముదురుగా వచ్చిన నీలి కాగితాన్ని అందులో ముంచితే నిమిషంలోపే బొమ్మ పసుపు తుప్పు రంగుకు దిగిపోతుంది. మంచినీళ్లలో కడిగి, కరక్కాయ పొడి మరిగించి వడకట్టిన కషాయంలో అరగంట ఉంచితే, మాయమైందనుకున్న బొమ్మ గోధుమ కలిసిన నలుపులో తిరిగి లేస్తుంది. సోడాలోంచి సగంలో తీసేసినవాటిలో నీలమూ నలుపూ రెండూ ఉంటాయి. విద్యార్థులు ఎక్కువ ఇష్టపడేవి అవే. కరక్కాయ కాగితపు తెలుపును కొంచెం పసుపు చేస్తుందని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే కడుగుడు సరిగా లేదనుకుంటారు.

కరక్కాయ దాకా వచ్చాక శ్రీకాళహస్తి కలంకారీ చేసే కళాకారుడిని పిలవకుండా ఉండటం నాకు తోచని పని. బెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియబెట్టి వాళ్లు తయారు చేసుకునే కసిమి అంటే, రసాయనశాస్త్ర భాషలో ప్రధానంగా ఇనుప అసిటేటు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. కరక్కాయలోనూ పాలలోనూ తడిపి ఆరబెట్టిన బట్ట మీద వెదురు కలంతో కసిమి గీత గీస్తే, మొదట లేతగా ఉన్న గీత గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. మనం కాగితం మీద చేసిన టానిన్ చర్యే ఇది. అయితే దీన్ని తరతరాలుగా చేస్తున్నవారు చేసి చూపిస్తున్నారు. వారిని అతిథిగా వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పి పంపకండి. బల్ల దగ్గర సగం రోజు పని చేయించండి, అందుకు తగిన పారితోషికం ఇవ్వండి.

ఆ సగం రోజుకు నేను పెట్టే ప్రయోగం ఒక్కటే. రెండు బట్ట ముక్కలు తీసుకుని, ఒకదాన్ని కరక్కాయ, పాలు రెండింటిలోనూ, మరొకదాన్ని పాలు లేకుండా కరక్కాయలో మాత్రమే తడిపి ఆరబెట్టాలి. ఒకే కలంతో, ఒకే కసిమితో రెండింటి మీదా గీత గీయాలి. పాలు లేని బట్ట మీద గీత పోగుల వెంట పాకి వెడల్పవుతుంది. పాలున్న బట్ట మీద గీసినంత మేరకే నిలుస్తుంది, ఎందుకంటే పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. నిన్న ఉదయం ఫిల్టర్ పేపర్ మీద విద్యార్థులు చుక్కను పాకనిచ్చి బొమ్మ తెచ్చారు, ఈ రోజు పాకకుండా ఆపి బొమ్మ తెస్తున్నారు. అదే ఇనుము, అదే కేశనాళిక ప్రవాహం. ఈ సంగతి నేను గ్రహించేసరికి రసాయనశాస్త్రం బోధించడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది, అదీ ఒక కలంకారీ కళాకారుడు తన బట్టను నా చేతికిచ్చి తడిమి చూడమన్న తరువాత.

భద్రత గురించి. ఫెర్రోసయనైడు, ఫెర్రిసయనైడు అన్న పేర్లు విని తల్లిదండ్రులు భయపడవచ్చు. వీటిలో సయనైడు ఇనుముతో గట్టిగా బంధించబడి ఉంటుంది కాబట్టి మామూలు వాడకంలో వీటి విషగుణం తక్కువ. కానీ బలమైన ఆమ్లంతో కలిసినా, ఆమ్లంతో కలిపి వేడి చేసినా హైడ్రోజన్ సయనైడు వాయువు వెలువడే ప్రమాదం ఉంది. అందుకే ఆ రెండు రోజులూ గాఢ హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాల సీసాలను అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. పైన చెప్పిన నిమ్మరసం, వెనిగరు పలచగా వాడతాము కాబట్టి ఇబ్బంది లేదు. కరక్కాయ కషాయం కాచే పొయ్యి మాత్రం ఈ ద్రావణాలకు దూరంగా, వేరే బల్ల మీద ఉండాలి. ఫెర్రిక్ క్లోరైడు చర్మాన్నీ కళ్లనూ మండిస్తుంది, బట్టల మీద పడితే మరక పోదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు అందరికీ ఉండాలి. కరక్కాయ, పాలు, బెల్లం కనబడగానే వంటగది గుర్తుకొచ్చి నోట్లో వేలు పెట్టేవారు ఉంటారు. ప్రయోగశాలలోకి వచ్చిన ఏ పదార్థమూ ఆహారం కాదని, ఇక్కడ వాడిన గిన్నె తిరిగి వంటింటికి పోకూడదని గట్టిగా చెప్పండి. రాగి ఉన్న వ్యర్థాలను సింకులో పోయవద్దు. ఒక సీసాలో పోగుచేసి, చాకలి సోడాతో అవక్షేపింపజేసి, వడకట్టిన మడ్డిని మీ కళాశాల రసాయన వ్యర్థాలతో కలిపి పంపండి.

మీ జాబితాలోని మిగతావాటి గురించి రెండు మాటలు. జెల్లీలో అవక్షేపం వలయాలు వలయాలుగా ఏర్పడే లీసెగాంగ్ వలయాలకు 1896 నాటి అసలు పద్ధతిలో డైక్రోమేటు అనే క్రోమియం లవణం కావాలి. అది క్యాన్సర్ కారకం కాబట్టి విద్యార్థుల చేతికి ఇవ్వవద్దు. రసాయన తోట చూడముచ్చటగా ఉంటుంది గానీ తొట్టి కదిలిస్తే కూలిపోతుంది. డోలన చర్య వీడియోకే తప్ప గోడకు రాదు. వెండి చెట్టు ఖర్చుతో కూడినది.

మన్నిక విషయంలో మూడింటికీ మూడు రకాల జాగ్రత్తలు కావాలి. ఫిల్టర్ పేపర్ బొమ్మలలో చర్యలో పాల్గొనని లవణాలు మిగిలే ఉంటాయి గనుక అవి నెలల తరబడి నెమ్మదిగా రంగు మారుతాయి. ఆరిన రోజే స్కాన్ చేసి, అసలు కాగితాన్ని చీకట్లో దాచండి. సయనోటైపు బాగా కడిగితే చాలా కాలం ఉంటుంది. ఎండ తగిలే గోడ మీద పెడితే వెలుస్తుంది, చీకట్లో పెడితే చాలావరకు తిరిగి కోలుకుంటుంది. కసిమి గీసిన బట్టను పారే నీటిలో పూర్తిగా కడగకపోతే మిగిలిపోయిన ఇనుము, ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ పోగులను కొరికేస్తాయి.

ప్రదర్శన పెట్టేటప్పుడు ప్రతి బొమ్మ పక్కన చీటీ మీద ఇద్దరు విద్యార్థుల పేర్లూ, వెనుక పెన్సిల్‌తో రాసుకున్న ఆ కొలతలూ యథాతథంగా ఉంచండి. ‘2 శాతం, 5 చుక్కలు, 3 నిమిషాల ఎడం’ అన్న చీటీ చదివి, ఆ బొమ్మను మళ్లీ వేసి చూస్తామని ద్రావణాలు అడిగిన సందర్శకులను నేను చూశాను. అలాంటివారి కోసం ఒక మూల బల్ల వేసి 20 కాగితాలు, రెండు డ్రాపర్లు, చేతి తొడుగులు ఉంచండి, ఒక విద్యార్థిని పక్కనే నిలబెట్టండి.

కసిమికి కనీసం మూడు వారాలు కావాలి కాబట్టి కార్యశాల తేదీ నిర్ణయించగానే ముందు కళాకారుడితో మాట్లాడండి. ఆ వారంలోనే మీ ప్రయోగశాల కుళాయి నీళ్లతో నాలుగు సయనోటైపులు కడిగి చూడండి. రంగు నిలవకపోతే పీహెచ్ ఎంత వచ్చిందో, ఏ కాగితం వాడారో రాసి అడగండి, ఎంత నిమ్మరసం కలపాలో చెబుతాను.